మళ్ళీ చదవాలనుకుంటున్నారా? పుస్తకం ఏ రూపంలో ఉండాలో ముందు తేల్చుకోండి

"ఒకప్పుడు అన్నం తింటూ కూడా చదివేదాన్ని, ఇప్పుడు పది పేజీలు సాగట్లేదు, ఏ పుస్తకంతో మళ్ళీ మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. పుస్తకాల పేర్లు చెప్పడం తేలికే. కానీ కాస్త కదిపి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరు ఎవరో పంపిన స్కాన్ పీడీఎఫ్‌ని ఫోన్లో వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలని తంటాలు పడుతుంటారు. ఇంకొకరు ఎనిమిదొందల పేజీల గట్టి అట్ట సంపుటాన్ని పడుకుని గుండెల మీద నిలబెట్టుకుంటారు. మరొకరికి చత్వారం వచ్చి రెండేళ్ళయినా కళ్ళజోడు మాత్రం పాతదే. పుస్తకం మంచిదే, మనిషికి ఆసక్తీ ఉంది, ఆ రెండింటికీ మధ్య పుస్తకం రూపం అడ్డం పడుతోంది.

అందుకే ఇక్కడ ఏ పుస్తకం చదవాలో చెప్పట్లేదు. ముందు ఇబ్బంది ఎక్కడుందో పట్టుకుని, కళ్ళ సంగతి చూసుకుని, చదివే పూట ఖాయం చేసుకుని, ఆ తర్వాతే అచ్చు పుస్తకమా, ఈ-బుక్కా, ఆడియోనా అన్నది తేల్చుకోవాలి. ఈ వరస మారిస్తే డబ్బు దండగ, పైగా "ఇక నావల్ల కాదు" అన్న బెంగ ఒకటి మిగులుతుంది.

1. ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకోండి

చేతిలో ఉన్న పుస్తకాన్నే రెండు మూడు రోజులు చదవండి. మూసేసిన ప్రతిసారీ ఎందుకు మూశారో వెనక అట్ట లోపల పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసుకోండి. సాధారణంగా కారణం వీటిలో ఒకటవుతుంది:

- కళ్ళు లాగుతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి, నుదురు బరువెక్కుతోంది: అక్షరం సైజు, వెలుతురు, కళ్ళజోడు చూసుకోవాలి.
- కళ్ళు బాగానే ఉన్నాయి గానీ అదే పేరా మూడోసారి చదువుతున్నారు: అలసిపోయిన పూట చదువుతున్నారు, లేదా పక్కన ఫోన్ మోగుతోంది.
- చేతులు, మెడ నొప్పి: పుస్తకం బరువు, సైజు.
- మొదలుపెడితే బాగానే సాగుతోంది, మొదలుపెట్టడమే కుదరట్లేదు: పుస్తకం మీరున్న చోట ఉండట్లేదు.
- తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం నెమ్మది: ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాళ్ళకూ, చిన్నప్పుడే వేరే రాష్ట్రానికో దేశానికో వెళ్ళిపోయినవాళ్ళకూ ఎక్కువగా ఉండే ఇబ్బంది ఇది.

రెండు కారణాలు కనిపిస్తే కళ్ళకు సంబంధించినదాన్ని ముందు తీసుకోండి. అది సరికాకుండా మిగతావి ఎన్ని మార్చినా ఫలితం కనిపించదు.

2. కళ్ళు, వెలుతురు

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. పుస్తకాన్ని మోచేతి నుంచి పిడికిలి దాకా ఎంత ఉంటుందో అంత దూరంలో పట్టుకోండి. "కథ", "విధి", "పదం" లాంటి మాటలు పేజీలో వెతకండి. థ కడుపులో చుక్క ఉంటుంది, ధకి చుక్క ఉండదు కానీ కింద చిన్న గీత ఉంటుంది, దకి ఆ గీత కూడా ఉండదు. వాక్యం అర్థాన్ని బట్టి ఊహించుకోకుండా ఈ మూడింటినీ కళ్ళతోనే విడదీసి చూడగలుగుతున్నారా? లేదంటే పేజీ అంతా మీరు సగం చదువుతున్నారు, సగం ఊహించుకుంటున్నారు. పది పేజీలకే అలసిపోవడానికి అది చాలు.

తర్వాత "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాట ఉన్న లైను చూడండి. ఆ వొత్తులు కిందికి దిగి, కింది లైనులోని గుడులకో దీర్ఘాలకో తగులుతుంటే లైన్ల మధ్య ఎడం చాల్లేదన్నమాట. కాగితం మిగుల్చుకోవడానికి లైన్లు ఇరికించి వేసిన పుస్తకాలు తెలుగులో చాలానే ఉన్నాయి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం మన లిపికి సరిపోదు.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే. రోడ్డు పక్క రెడీమేడ్ అద్దాలు రెండు కళ్ళకీ ఒకే పవర్‌తో వస్తాయి, మీ రెండు కళ్ళూ ఒకలా ఉండకపోవచ్చు. పరీక్ష చేయించుకోండి. ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్ళు ఇంకొకటి గమనించాలి: వాటిలో చదివే పవర్ అద్దం కింది భాగంలో ఉంటుంది, పడుకుని చదివేటప్పుడు చూపు పై భాగంలోంచి పోతుంది, అక్షరం మసకేస్తుంది. పడుకుని చదివే అలవాటుంటే చదవడానికి మాత్రమే వేరే జోడు చేయించుకోండి. ఈ-రీడర్ (ఈ-బుక్కులు చదవడానికే చేసిన యంత్రం) కొనాలని దాచుకున్న డబ్బులో కొంత ముందు దీనికి పెట్టమనే చెబుతాను.

చదివే ముందు చూసుకోవాల్సినవి:

- గది మధ్యలో ట్యూబ్‌లైట్, దానికి వీపు పెట్టి మీరు. ఇలా కూర్చుంటే మీ నీడే పేజీ మీద పడుతుంది.
- వెలుతురు భుజం వెనక నుంచో పక్క నుంచో రావాలి. చిన్న టేబుల్ ల్యాంప్ చాలు.
- నున్నటి తెల్ల కాగితం మెరుస్తుంటే దీపాన్ని కాస్త పక్కకు జరపండి.
- ఫోన్లో చదువుతుంటే గదిలో దీపం ఆర్పేయకండి. చీకట్లో వెలిగే తెర కళ్ళను తొందరగా అలసిపోయేలా చేస్తుంది.

అద్దాలతో కూడా అచ్చు చదవలేని పరిస్థితి ఉన్నవాళ్ళ కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016 నుంచి నడుస్తోంది. చూపు లేనివాళ్ళు, చూపు బాగా తగ్గినవాళ్ళు, అచ్చు పుస్తకం చదవలేని ఇతర వైకల్యాలు ఉన్నవాళ్ళు దానిలో చేరి భారతీయ భాషల పుస్తకాలు తీసుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పండి, చాలామందికి తెలియదు.

3. పూటను ఖాయం చేసుకోండి

రోజులో ఒక్క పూట ఎంచుకోండి, ఇరవై నిమిషాలు. ఆ పూట మీ చేతులు ఖాళీగా ఉంటాయా, కళ్ళు ఖాళీగా ఉంటాయా అని చూసుకుంటే రూపం దాదాపు తేలిపోతుంది.

- చేతులు, కళ్ళు రెండూ ఖాళీ (పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక): అచ్చు పుస్తకం.
- ఒక చెయ్యే ఖాళీ (మెట్రోలో, బస్సులో నిలబడి): ఫోన్లో ఈ-బుక్, చిన్న కథలు.
- కళ్ళు ఖాళీ లేవు (వంట, నడక, బట్టలు మడతపెట్టడం): ఆడియో.
- రాత్రి పక్క మీద: తేలికైన అచ్చు పుస్తకం లేదా ఈ-రీడర్.

బండి నడుపుతూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కథలు వినడం మాత్రం వద్దు.

4. అచ్చు పుస్తకం కొనేటప్పుడు

ఆన్‌లైన్‌లో అట్ట బొమ్మ చూసి కొంటే లోపలి అక్షరం ఎలా ఉందో తెలియదు. మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు మొదటి రెండు మూడు పుస్తకాలైనా చేత్తో పట్టుకుని కొనడం మంచిది. మీ ఊళ్ళో పుస్తకాల షాపు ఉంటే సరే. డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్‌లో, జనవరిలో విజయవాడలో జరిగే పుస్తక ప్రదర్శనల్లో ఒకే పుస్తకం వేరు వేరు ప్రచురణల్లో దొరుకుతుంది, పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాళ్ళు మాత్రం కాగితం రంగు చూసుకోండి. పసుపెక్కి అంచులు పొడిపొడిగా రాలుతుంటే అది దాచుకునే పుస్తకం, చదివి అలవాటు చేసుకునే పుస్తకం కాదు.

షాపులో నిలబడి చేయాల్సినవి, ఈ వరసలోనే:

1. మధ్యలో ఒక పేజీ తెరిచి పైన చెప్పిన థ-ధ-ద పరీక్ష చేయండి.
2. పుస్తకాన్ని ఒక్క చేత్తో తెరిచి పట్టుకుని ఒక పేజీ పూర్తిగా చదవండి. మణికట్టు లాగిందా?
3. నడిమికి తెరిచినప్పుడు లోపలి అంచున ఉన్న అక్షరాలు బైండింగ్‌లోకి దిగిపోతున్నాయా చూడండి. లావు పుస్తకాన్ని గమ్ బైండింగ్ చేస్తే ఈ ఇబ్బంది ఎక్కువ. కుట్టు బైండింగ్ అయితే చక్కగా తెరుచుకుంటుంది.
4. వెనక పేజీ అక్షరాలు ఇటువైపు కనిపిస్తున్నాయా? కాగితం మరీ పల్చన.
5. పేజీలు ఎన్ని? మొదటి పుస్తకం 150 పేజీలు దాటకుండా ఉంటే మేలు.

రచయితల సమగ్ర సంపుటాల గురించి ఒక మాట. అవి కొనాలని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ ఇష్టమే, కానీ అవి బీరువాలో ఉండి అవసరమైనప్పుడు తీసి చూసుకోవడానికి బావుంటాయి. అందులోని నవలే విడిగా చిన్న పుస్తకంగా దొరికితే చదవడానికి అది కొనండి. అదే కథ, అవే మాటలు, అయినా చేతిలో బరువు సగానికి తగ్గితే పేజీలు ఎంత త్వరగా తిరుగుతాయో చూస్తారు.

కొనే ముందు చూసుకోవాలంటే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. డిపాజిట్ తక్కువే. తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఉండటం కూడా కొందరికి బాగా పనిచేస్తుంది.

5. తెర మీద చదివేటప్పుడు: ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే

ముందు ఒక లెక్క చూద్దాం. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమీ సైజులో వస్తాయి, అంటే పేజీ వెడల్పు సుమారు 5.5 అంగుళాలు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 2.7 అంగుళాల దగ్గర ఉంటుంది. అంటే ఆ పేజీ స్కాన్‌ని ఫోన్లో తెరిస్తే ప్రతి అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. 6 అంగుళాల ఈ-రీడర్‌లో తెర వెడల్పు 3.6 అంగుళాలు, అక్కడ అక్షరం మూడింట రెండొంతులు. 10 అంగుళాల ట్యాబ్‌లో మాత్రం దాదాపు అచ్చులో ఉన్నంత కనిపిస్తుంది. "ఫోన్లో చదవలేకపోతున్నాను" అనేవాళ్ళలో చాలామందికి ఫోన్ వల్ల ఇబ్బంది లేదు, పీడీఎఫ్‌తోనే ఇబ్బంది.

పీడీఎఫ్‌లో పేజీ అచ్చు పోసినట్టు కదలకుండా ఉంటుంది. ఈపబ్ అనే ఈ-బుక్ ఫైల్‌లో అలా కాదు, అక్షరం పెద్దది చేస్తే లైన్లు వాటంతట అవే తెర వెడల్పుకి సర్దుకుంటాయి. ఫోన్లోనూ 6 అంగుళాల ఈ-రీడర్‌లోనూ చదవాలంటే ఈపబ్ వెతకండి.

చేతిలో ఉన్న ఫైల్ ఎలాంటిదో అర నిమిషంలో తేల్చుకోవచ్చు. ఒక మాట మీద వేలు నొక్కి పట్టుకోండి.

- ఏమీ ఎంచుకోనివ్వకపోతే అది బొమ్మ, స్కాన్. అక్షరం సైజు మారదు, వెతకడం కుదరదు, ఫోన్ చదివి వినిపించదు.
- ఎంచుకోనిచ్చింది, కాపీ చేసి వేరే చోట అతికిస్తే పిచ్చి గీతలూ ఇంగ్లీషు అక్షరాలూ వచ్చాయంటే అది పాత డీటీపీ ఫాంట్లలో చేసిన ఫైల్. మన ప్రచురణల్లో ఏళ్ళ తరబడి "అను" అనే ఫాంట్లతో పేజీలు పెట్టారు, అవి చూడటానికి తెలుగే కానీ లోపల యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి) కాదు.
- తెలుగు తెలుగుగానే అతుక్కుంటే యూనికోడ్. ఇదే కావాల్సింది.

స్కాన్ తప్ప వేరే దారి లేని పాత పుస్తకమైతే: ఫోన్ అడ్డంగా తిప్పండి, తెర వెడల్పు పేజీ వెడల్పుని మించుతుంది, అక్షరం అచ్చులో ఉన్నంత అవుతుంది. లిబ్రెరా, కోరీడర్ లాంటి యాప్‌లలో చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరించే సదుపాయం ఉంది, అది పెట్టుకుంటే ఈ-రీడర్‌లో కూడా చాలావరకు చదవగలిగే స్థితికి వస్తుంది.

ఎక్కడ దొరుకుతాయి? తెలుగు వికీసోర్స్‌లో పాత రచనలను ఈపబ్‌గా దించుకోవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రచురణలు వాళ్ళ ఈ-బుక్స్ సైటులో ఉచితం. ఆర్కైవ్ (archive.org) సైటులో తెలుగు స్కాన్‌లు వేలల్లో ఉన్నాయి. తెలుగు చదవడం నెమ్మదిగా ఉన్నవాళ్ళకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటు బాగా పనికొస్తుంది, అందులో పిల్లల కథలు స్థాయిలవారీగా ఉంటాయి. పెద్దవాళ్ళు మూడు, నాలుగు స్థాయిలతో మొదలుపెట్టడానికి సిగ్గుపడక్కర్లేదు. అచ్చులో కావాలంటే "మంచి పుస్తకం" అనే సంస్థ ప్రచురణలు చూడండి.

రచయిత చనిపోయిన 60 ఏళ్ళ దాకా మన దేశంలో కాపీరైట్ ఉంటుంది. ఇప్పుడు రాస్తున్నవాళ్ళ పుస్తకాల పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిరుగుతుంటే తీసుకోకండి, ఐదొందలో వెయ్యో కాపీలు వేసుకుని అమ్ముకునే మనుషులు వాళ్ళు.

ఈ-రీడర్ కొనాలనుకుంటే ముందు తెలిసినవాళ్ళ దగ్గర అరువు తీసుకుని ఒక తెలుగు ఈపబ్ ఎక్కించి చూడండి. క్ష, స్త్రీ, ర్మ సరిగ్గా పడుతున్నాయా, వొత్తులు విడిపోయి పక్కన వస్తున్నాయా, అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయా చూసుకోండి. ఆ యంత్రానికి దొరికే తెలుగు పుస్తకాలు ఎన్నో వాళ్ళ స్టోర్‌లో ముందే వెతకండి. ఇంగ్లీషు కూడా చదివేవాళ్ళకు ఈ-రీడర్ గిట్టుబాటు. కేవలం తెలుగే చదివేవాళ్ళైతే, అందులోనూ పాత పుస్తకాలైతే, 10 అంగుళాల ట్యాబ్ ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

తెర సెట్టింగులు:

- అక్షరం: లైనుకి నాలుగైదు మాటలు పట్టేంత పెద్దది.
- లైన్ల ఎడం: 1.5 లేదా అంతకన్నా ఎక్కువ.
- ఫాంట్: మందంగా, అలంకారంగా ఉన్నవి వద్దు. మండలి, నోటో సెరిఫ్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి, ఎక్కువసేపు చదవడానికి హాయిగా ఉంటాయి.
- రెండు అంచులూ సమం చేసే అమరిక తీసేయండి. మన మాటలు పొడుగు కాబట్టి చిన్న తెర మీద మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి.
- నోటిఫికేషన్లు ఆపేయండి. ఇది ఐచ్ఛికం కాదు.

6. ఆడియో

వినడం చదవడం కాదేమో అన్న బెంగ పక్కన పెట్టండి. కథ మీ దాకా రావాలి, ముందు అది జరగనివ్వండి.

తెలుగులో ఆడియో పుస్తకాలకు దాసుభాషితం లాంటి యాప్‌లు ఉన్నాయి. ఏది తీసుకున్నా ముందు ఐదు నిమిషాల నమూనా వినండి. చదివే గొంతు నచ్చకపోతే ఎంత గొప్ప నవలైనా వదిలేయండి, ఎనిమిది గంటలు ఆ గొంతుతో కాపురం చేయలేరు.

ఏవి వినాలి అన్నది ముఖ్యం. సంభాషణలు ఎక్కువున్న కథలు, ఆత్మకథలు, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ యాసల్లో రాసిన కథలు వింటే పండుతాయి. అచ్చులో చూస్తే తడబడే యాస, ఆ ప్రాంతం మనిషి చదివితే ఒక్కసారిగా ఇంట్లో మాటలాగా అయిపోతుంది. పాత్రలు పాతికమంది ఉన్న అనువాద నవల, పట్టికలూ అంకెలూ ఉన్న పుస్తకం మాత్రం అచ్చులోనే, ఎందుకంటే వెనక్కి తిప్పి చూసుకోవాలి.

- వేగం 1.0 దగ్గరే ఉంచండి, తొందరపడకండి.
- రాత్రి వింటే స్లీప్ టైమర్ 15 నిమిషాలకు పెట్టండి, లేకపోతే పొద్దున్నే ఎక్కడ ఆగామో వెతుక్కోవడంతోనే విసుగొస్తుంది.
- ఫోన్ చదివి వినిపించే యంత్రపు గొంతు వ్యాసాలకు పర్వాలేదు. కథలకు వద్దు, ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు.

7. రెండు రూపాలు కలిపి వాడటం

తెలుగు చదవడం నెమ్మదిగా ఉన్నవాళ్ళకు ఇది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఒక చిన్న కథను ముందు పూర్తిగా వినండి. మర్నాడు అదే కథను అచ్చులో, ఆడియో పెట్టుకుని వేలు పెట్టి చదవండి. మూడోరోజు ఆడియో లేకుండా. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరం దగ్గర ఆగినా దారి తప్పరు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి పెట్టెలో తూకం చూసుకుని పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళు: నవలలు ఈ-బుక్‌గా, ఆడియోగా తీసుకోండి. కవిత్వం, పద్యాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు అచ్చులో తెచ్చుకోండి. తిరగేసి తిరగేసి చదివేవి అవే.

8. తరచూ చేసే తప్పులు, సరిచేసే దారి

పుస్తక ప్రదర్శనలో ఒకేసారి పాతిక కొనేయడం. కొన్నవన్నీ బల్ల మీద పెట్టకండి. ఒక్కటే బయట ఉంచి మిగతావి కంటికి కనపడకుండా సర్దేయండి.

ఫోన్లో రెండొందల ఫైళ్ళు నింపుకోవడం. చదివే యాప్‌లో మూడే ఉంచండి.

నచ్చకపోయినా పంతానికి చదవడం. 40 పేజీలకు కూడా లోపలికి వెళ్ళలేకపోతే ముందు రూపం మార్చి చూడండి, అచ్చుకి బదులు ఆడియో, ఆడియోకి బదులు అచ్చు. అప్పటికీ కుదరకపోతే పుస్తకం మార్చండి.

పిల్లలకు కొని పెద్దవాళ్ళు ఫోన్ చూస్తూ కూర్చోవడం. ఇంట్లో ఇద్దరు ఒకే పూట చదివితే ఇద్దరికీ నిలబడుతుంది.

9. మొదటి రెండు వారాలు

- 1–3 రోజులు: మూసేసిన కారణాలు రాసుకోవడం, కళ్ళ పరీక్ష, దీపం సర్దుకోవడం. ఏమీ కొనకండి.
- 4–7 రోజులు: ఎంచుకున్న పూట, ఇరవై నిమిషాలు, చిన్న కథలు. రోజుకొకటి చాలు.
- 8–11 రోజులు: అవే ఇరవై నిమిషాలు, అదే పూట, రూపం మాత్రం మార్చండి. అచ్చు అయితే ఆడియో, ఫోన్ అయితే అచ్చు.
- 12–14 రోజులు: రెండింటిలో ఏది చేస్తున్నప్పుడు టైము చూసుకోలేదో, దానిలో 150 పేజీల లోపు నవలిక ఒకటి మొదలుపెట్టండి.

డబ్బు పెట్టాల్సినవి, అంటే ఈ-రీడర్, ట్యాబ్, ఆడియో యాప్ ఏడాది చందా లాంటివి, ఆ నవలిక పూర్తయ్యాకే కొనండి. అప్పటిదాకా లైబ్రరీ పుస్తకం, ఉచిత ఈపబ్, ఒక నెల చందా సరిపోతాయి.